చెరోకీల అక్షరాలు, చెరోకీల నేల

మిత్రులకు నమస్కారం.

అమెరికా మూలవాసులు అనగానే మనలో చాలామందికి ఈకల కిరీటం, గుర్రం, విల్లు గుర్తుకొస్తాయి. అది సినిమాలు నేర్పిన బొమ్మ. చెరోకీలు అమెరికా ఆగ్నేయాన దక్షిణ అప్పలాచియన్ కొండల మధ్య, ఏటి ఒడ్డున ఊళ్లు కట్టుకుని మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే చేలో పండించిన జనం. వారిలో ఏడు వంశాలున్నాయి. బిడ్డది ఎప్పుడూ తల్లి వంశమే. ఇల్లు, పొలం ఆడవారివి. పిల్లల విషయంలో తండ్రి కన్నా మేనమామ మాటకే బరువెక్కువ.

నేను ముఖ్యంగా చెప్పదలచింది సెక్వోయా గురించి. ఆయన వెండి పని, కమ్మరం చేసేవాడు. ఇంగ్లీషు చదవడం, రాయడం రాదు. తెల్లవాళ్లు కాగితం మీద కబురు పంపుకోవడం చూసి, తన భాషకూ రాత కావాలని పట్టుబట్టాడు. మొదట మాటకో గుర్తు పెట్టబోయాడు. అది తెమిలే పని కాదని తేలాక మాటలను పలుకులుగా విడదీశాడు. 1821 నాటికి లిపి సిద్ధమైంది. మన క, కి, కు లాగే ఒక్కో అక్షరం ఒక్కో పలుకు. అయితే గుణింతం లేదు, ప్రతి పలుకుకూ వేరే రూపం. ఇంగ్లీషు డబ్ల్యూలా కనిపించేదాన్ని ‘ల’ అని, హెచ్‌లా కనిపించేదాన్ని ‘మి’ అని చదవాలి. జనం మొదట నమ్మలేదు. చిన్న కూతురు అయోకా వాళ్ల ముందు చదివి చూపించాకే నమ్మారట.

తర్వాత ఆ లిపి ఊరూరా పాకింది. వైద్యులు తరతరాల మంత్రాలను, మూలికల వివరాలను నోటుపుస్తకాల్లో రాసిపెట్టుకున్నారు. 1827లో చెరోకీలు రాజ్యాంగం రాసుకున్నారు. 1828 ఫిబ్రవరి 21న తమ రాజధాని న్యూ ఎకోటాలో ‘చెరోకీ ఫీనిక్స్’ పత్రిక రెండు భాషల్లో వెలువడింది. సంపాదకుడు ఎలియాస్ బౌడినాట్.

నాగరికులు కమ్మని చెప్పిన అమెరికా ప్రభుత్వం, వాళ్లు అన్నీ నేర్చుకున్నాక చేసిందేమిటి? 1830లో ఇండియన్ల తరలింపు చట్టం తెచ్చింది. జార్జియా రాష్ట్రానికి వారి భూమి కావాలి, అందులో బంగారం కూడా బయటపడింది. 1832లో సుప్రీంకోర్టు చెరోకీల నేల మీద జార్జియా చట్టాలు చెల్లవని తీర్పు చెప్పినా ఎవరూ అమలు చేయలేదు. 1835 డిసెంబరులో కొద్దిమంది చెరోకీలు, ఏ అధికారమూ లేకుండా, నేలనంతా అప్పగిస్తూ ఒప్పందం మీద సంతకాలు చేశారు. వారిలో బౌడినాట్ కూడా ఉన్నాడు. ఎలాగూ పోయే నేలకు బదులు జనమైనా మిగలాలని ఆయన వాదం. ఆ భయం నాకు అర్థమవుతుంది కానీ, జనాన్ని అడగకుండా సంతకం చేసే హక్కు ఆయనకు లేదు. ప్రధాన నాయకుడు జాన్ రాస్ వేలమంది సంతకాలతో నిరసన పంపాడు. అయినా అమెరికా సెనేట్ ఆ ఒప్పందాన్ని ఆమోదించింది; కావలసిన మూడింట రెండు వంతుల మద్దతుకు ఒక్క ఓటు తగ్గినా అది వీగిపోయేది.

1838లో సైనికులు ఇళ్ల మీదికి వచ్చారు. దాదాపు 16 వేలమందిని పడమటికి, నేటి ఓక్లహోమాకు తరలించారు. దడి కట్టిన శిబిరాల్లో రోగాలతో, చలికాలపు దారిలో ఆకలితో సుమారు 4 వేలమంది చనిపోయారని అంచనా.

కొందరు నార్త్ కరోలినా కొండల్లోనే నిలదొక్కుకున్నారు. తమ తల్లి ఊరుగా భావించే కిటువా స్థలాన్ని వారి వారసులు 1996లో డబ్బు పెట్టి కొనుక్కున్నారు.

ఇప్పటి పోరాటం భాష కోసం. ధారాళంగా మాట్లాడేవాళ్లు దాదాపు 2 వేలమందే ఉన్నందున 2019లో అమెరికా గుర్తించిన మూడు చెరోకీ తెగ ప్రభుత్వాలూ కలిసి భాషా అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. ఓక్లహోమాలోని తాలెక్వాలో పిల్లలకు పాఠాలన్నీ చెరోకీలోనే చెప్పే బడి నడుస్తోంది. సెక్వోయా అక్షరాలు మీ ఫోన్లలోనూ ఉండవచ్చు. భాషల జాబితాలో చెరోకీ కీబోర్డు కోసం వెతికి, ‘ల’, ‘మి’ ఎక్కడున్నాయో చూడండి.