లావోస్ కొండల్లో బైకు యాత్ర: గైడు ముందు బండిలో ఎందుకు ఉంటాడు?

లావోస్ యాత్ర ప్రస్తావన తెచ్చినప్పుడల్లా బెంగళూరులోని మన తెలుగు రైడర్లు ఒకే ప్రశ్న వేస్తారు: "నంది కొండల వెనక మట్టిబాటలన్నీ తిరిగినవాళ్లం, ఫోనులో మ్యాపు ఉంది, గైడుకు డబ్బు ఎందుకు దండగ?" ఈ ప్రశ్న నన్ను విసిగిస్తున్న మాట దాచను. అడిగేవారి నైపుణ్యం మీద నాకు అనుమానం లేదు. గైడంటే దారి చూపేవాడు మాత్రమేనన్న అపోహతోనే నా పేచీ.

ముందు మన ఊరి వాన సంగతి చూద్దాం. గంటసేపు కుండపోతగా కురిస్తే సిల్క్ బోర్డు దగ్గర రోడ్డు చెరువవుతుంది. ఆ నీటి కింద గుంత ఎక్కడుందో, మూత లేని మ్యాన్‌హోల్ ఎక్కడుందో ఫోను చెప్పదు. రోజూ ఆ దారిన పోయే ఆటో డ్రైవరుకు మాత్రం తెలుసు, ఎందుకంటే అతను ఆ గుంతను ఎండలో చూశాడు. బుద్ధి ఉన్నవారెవరైనా అతని చక్రాల జాడలోనే తమ బండిని పోనిస్తారు. లావోస్ తూర్పు కొండల్లో గైడు ఆ ఆటో డ్రైవరు.

[తెర మీద: లావోస్, వియత్నాం సరిహద్దు వెంట సాగే అన్నమైట్ పర్వతాల పటం]

ఇక ఆ నీటి కింద ఏముందంటే, 1964 నుంచి 1973 వరకు అమెరికా విమానాలు లావోస్ మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించాయి. లెక్క కడితే తొమ్మిదేళ్లపాటు రాత్రింబవళ్లు ప్రతి 8 నిమిషాలకు ఒక విమానం మోసేంత సరుకు. ఉత్తర వియత్నాం సేనలు దక్షిణానికి ఆయుధాలు చేరవేసిన హో చి మిన్ బాట ఈ కొండల గుండానే సాగింది. అది ఒక్క దారి కాదు, కాలిబాటలూ లారీ దారులూ అల్లుకున్న వల. ఒక పోగు తెగితే పక్కనే మరొకటి వేసేవారు. నేడు మన రైడర్లు మోజుపడే బాటలలో కొన్ని ఆ పోగులే.

అసలు ప్రమాదం పెద్ద బాంబులది కాదు. ఒక్కో పెద్ద డొల్లలో 600కు పైగా చిన్న బాంబులు ఉండేవి. వాటిని అక్కడివారు 'బాంబీ' అంటారు. వాటిలో ఒక రకం మన పిల్లలు వీధిలో ఆడే టెన్నిస్ బంతి అంతే ఉంటుంది. అలాంటివి 27 కోట్లకు పైగా పడ్డాయనీ, 30 శాతం వరకు పేలలేదనీ, అంటే సుమారు 8 కోట్లు మట్టిలోనే మిగిలాయనీ అంచనా.

మళ్లీ సిల్క్ బోర్డుకు వద్దాం. నీళ్లు నిండిన గుంతలో ఎవరో పుణ్యాత్ములు చెట్టుకొమ్మ పాతి వెళతారు. ఉత్తర లావోస్‌లోని జాడీల మైదానం వంటి చోట్ల నేలలో పొదిగిన గుర్తులు ఆ కొమ్మ వంటివే: తెలుపు వైపు నేల లోపలి దాకా వెతికి శుభ్రం చేశారు, ఎరుపు వైపు అలా చేయలేదు. అయితే కొమ్మ లేనంత మాత్రాన గుంత లేదని అర్థమా? గుర్తు కనబడకపోతే అక్కడ ఇంకా ఎవరూ వెతకలేదని కూడా కావచ్చు.

ఈ పోలిక ఒకచోట తెగిపోతుందని ఒప్పుకోవాలి. మన రోడ్డు మీద వాన వెలిస్తే నీరు దిగి గుంత బయటపడుతుంది. ఆ కొండల్లో వాన పడితే మట్టి కొట్టుకుపోయి బాంబీ చోటు మారుతుంది, నిరుడు లేని చోట ఈ ఏడు తేలుతుంది. కాబట్టి గైడుకు తెలిసినది బాంబు ఎక్కడుందన్నది కాదు. ఊరివారు నిన్న ఏ బాటన నడిచారు, ఏ పొలం శుభ్రం చేశారు, కొండచరియ జారి ఏ దారి పక్కకు జరిగింది అన్నది.

ఆఫ్‌రోడ్ అన్న మాటే మనల్ని తప్పుదోవ పట్టిస్తోంది. మనకు ఆఫ్‌రోడ్ అంటే బాట వదిలి గడ్డిలోకి దూకడం. అక్కడ దాని అర్థం ఎంత గతుకులదైనా బాట మీదనే ఉండడం. ఎదురుగా లారీ వస్తే ఆగాలి తప్ప పక్కకు దిగకూడదు.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. ఆ ఊళ్లలో బాంబు డొల్లలను ఇళ్లకు స్తంభాలుగా నిలిపారు, తుక్కు అల్యూమినియం కరిగించి చెంచాలు పోస్తున్నారు. తుక్కు ఏరబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్న చోట డొల్ల మీద ఎక్కి ఫొటో దిగడం నాకు ఏవగింపు కలిగిస్తుంది.

సమయం మించిపోతోంది, మిగిలినవి త్వరగా చెబుతాను. మే నుంచి అక్టోబరు దాకా వానలు, ఎర్రమట్టి జారుడు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లడం మేలు. లఘుశంకకైనా పొదల్లోకి వెళ్లకండి, బాట అంచునే కానివ్వండి. నేల మీద మంట వేయకండి, కింద పాతుకున్న బాంబీ వేడికి పేలవచ్చు. లోహపు ముక్క కనిపిస్తే కాలితో కదపకండి. గుంపు చివర కూడా నిర్వాహకుల బండి ఒకటి ఉంటుందా అని బుకింగ్‌కు ముందే అడగండి. మీ బీమా మట్టిబాటల మీద జరిగే ప్రమాదాలకు వర్తిస్తుందో లేదో పాలసీ కాగితం చదివి చూసుకోండి. అందులో ఏ పదాల కోసం వెతకాలో వచ్చే వీడియోలో చెబుతాను.