డ్రమ్ములో దోమ వేరు, మురుగులో దోమ వేరు: తేడా నీళ్లలోనే

[దృశ్యం: చెన్నై పెరంబూరులో ఒక అపార్ట్‌మెంటు మేడ. మూత పగిలిన ఓవర్‌హెడ్ ట్యాంకు. కెమెరా కిందికి దిగి వీధి మురుగు కాలువను చూపాలి.]

పైన నీళ్లు తేటగా ఉన్నాయి, కింద కాలువ కంపు కొడుతోంది. రెండింట్లోనూ లార్వాలు, అంటే దోమ పిల్లపురుగులు, ఉన్నాయి. ట్యాంకులో పెరిగేది డెంగీ తెచ్చే ఈడిస్ ఈజిప్టై, లేదా నగరాల్లో మలేరియా తెచ్చే అనాఫిలిస్ స్టెఫెన్సి. కాలువలో ఉన్నది క్యూలెక్స్, బోదకాలు దోమ.

[దృశ్యం: గాజు గ్లాసులో తలకిందులుగా వేలాడుతున్న లార్వా, దగ్గరగా.]

తోక దగ్గరున్న ఈ గొట్టం చూడండి. ఈడిస్, క్యూలెక్స్ లార్వాలు దీంతో పైగాలి పీలుస్తాయి, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కోసం పెద్దగా ఎదురు చూడవు. కూవం నదిలో మురుగు కుళ్లి ఆక్సిజన్ అయిపోతే చచ్చేది లార్వాను తినే చేపలూ తూనీగ పిల్లలూ. కుళ్లులో పెరిగే బ్యాక్టీరియా మాత్రం క్యూలెక్స్‌కు తిండి. అందుకే లార్వాను తినే గంబూసియా చేపలు బావిలో పనిచేస్తాయి, నల్లటి మురుగులో నిలవవు.

నిమ్మరసం, వెనిగర్ వేస్తే పోతాయా? పోవు. ఈడిస్ లార్వా పీహెచ్ (నీటి పులుపు, క్షారాల కొలత) 4 నుంచి 11 దాకా తట్టుకుంటుందని ప్రయోగాల్లో తేలింది.

ఉప్పు సంగతి వేరు. లార్వా తోక చివర నాలుగు పలుచని తిత్తులుంటాయి. మంచినీళ్లలో ఉన్న కాస్త లవణాన్నీ అవే లోపలికి లాగుతాయి. నీళ్లలో ఉప్పు దాని ఒంట్లోని ఉప్పును బాగా మించితే ఈడిస్ నిలవలేదు. లీటరుకు 35 గ్రాముల ఉప్పుండే సముద్రపు నీళ్లలో అది బతకదు. కానీ 20 లీటర్ల బకెట్‌లో 20 గ్రాములు వేస్తే లీటరుకు పడేది 1 గ్రామే, దానికి లెక్క కూడా కాదు. సరిపడా వేద్దామని లిఫ్టు గుంతలో ఉప్పు కుమ్మరించకండి, ఇనుము తుప్పు పడుతుంది. ఆ నీళ్లు మోటారుతో తోడించండి.

[దృశ్యం: డ్రమ్ము లోపలి గోడ. నీటి గీత పైన నల్లటి చుక్కలు.]

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంది కదా అనుకోవద్దు. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ తాగునీటికి చాలు, లార్వాను చంపడానికి చాలదు. అదీ ఎండకు, పాచికి తొందరగా ఖర్చయిపోతుంది. ఈ నల్ల చుక్కలు ఈడిస్ గుడ్లు. నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి. లారీ నీళ్లు మళ్లీ నింపగానే పాచిలోని బ్యాక్టీరియా ఆక్సిజన్ వాడేస్తుంది. ఆక్సిజన్ తగ్గడమే గుడ్డుకు పొదగమనే సైగ. కాబట్టి వారానికోసారి నీళ్లు పారబోస్తే సరిపోదు, పీచుతో గోడను గట్టిగా రుద్దాలి.

సబ్బు నీళ్లు నీటి పైపొర బిగువును తగ్గిస్తాయి, గొట్టం పైన నిలవక లార్వా మునిగిపోతుంది. వాడకం నీళ్లలోకి మాత్రమే, తాగే నీళ్లలో వద్దు. చెన్నై బోరు నీళ్లు చాలాచోట్ల నురగ రాని నీళ్లు. వాటిలోని కాల్షియం సబ్బును తెట్టుగా మార్చేస్తుంది, పని జరగదు.

ఇక మందులు. తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

టెమిఫాస్ అనే లార్వా మందు 1 శాతం గుళికలు 200 లీటర్ల డ్రమ్ముకు 20 గ్రాములు. అంటే లీటరుకు 1 మిల్లీగ్రాము మందు, తాగునీటికి అదే పైహద్దు. కంటి అంచనాతో వేయకండి, తూకం వేయండి. బురద పేరుకున్న డ్రమ్ములో మందు బురదకు అంటుకుపోతుంది, ముందు కడగండి.

బీటీఐ అనే బ్యాక్టీరియా మందును లార్వా తినాలి. దాని పేగులోని క్షారంలో ఆ మందులోని స్ఫటికం కరిగి విషమవుతుంది. తేటనీళ్లలో బాగా పనిచేస్తుంది. మురుగులో తిండి ఎక్కువ, మందు వంతు తక్కువ, పైగా అది మడ్డితో పాటు అడుక్కి దిగిపోతుంది. మురుగులో ఎక్కువ కాలం నిలిచేది బాసిల్లస్ స్ఫేరికస్ అనే మరో బ్యాక్టీరియా మందు. దాన్నే డ్రమ్ములో వేస్తే ఈడిస్‌కు దాదాపు ఏమీ కాదు.

[దృశ్యం: తెల్లటి గరిటెలో నీళ్లు. కామా ఆకారంలో ప్యూపాలు కదులుతున్నాయి.]

మందు వేసిన రెండో రోజు తెల్లటి గరిటెతో ముంచి చూడండి. పెద్ద లార్వాలు ఇంకా ఈదుతుంటే మందు సరిపోలేదన్నమాట. కామాల్లా వంగిన ప్యూపాలు (లార్వా తర్వాతి దశ) మాత్రమే ఉంటే మందు తప్పు కాదు, మీరు ఆలస్యంగా వేశారు. ప్యూపా ఏమీ తినదు, బీటీఐ దాన్ని తాకదు, రెండు మూడు రోజుల్లో దోమై ఎగిరిపోతుంది. ఆ నీళ్లను ఆ రోజే ఎండిన నేల మీద పారబోయండి, కాలువలోకి కాదు.