పాత మారుతి 800కి స్పార్క్ ప్లగ్గులు మనమే మార్చుకుందాం

నమస్కారమండీ. ఈరోజు మన ముందున్నది కార్బ్యురేటర్, అంటే పెట్రోలుని గాలితో కలిపే భాగం, ఉన్న పాత మారుతి 800. మా బాబాయి గారి బండి. పొద్దున్నే స్టార్ట్ కావడానికి సతాయిస్తోంది. సిగ్నల్ దగ్గర ఆగితే వణుకుతోంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మిస్ కొడుతోంది, అంటే మధ్యమధ్యలో మండక తడబడుతోంది. మైలేజీ కూడా బాగా పడిపోయిందట. ఇలాంటప్పుడు చాలామంది నేరుగా కార్బ్యురేటర్ విప్పించేస్తారు. దాని జోలికి వెళ్లే ముందు ప్లగ్గులు తీసి చూడండి. సిలిండర్‌లో పెట్రోలుని నిప్పురవ్వతో వెలిగించేవి ఇవే. మన బండిలో మూడే ప్లగ్గులు, అరగంట పని.

ఈ మోడల్ 1983 డిసెంబరులో రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆపేశారు. ఇదే 796 సీసీ ఇంజిన్ ఓమ్నీలోనూ ఉంటుంది కాబట్టి ఓమ్నీ ఉన్నవాళ్లు కూడా చూడొచ్చు. మీది వేరే పాత బండైనా పద్ధతి ఇదే. ప్లగ్గుల సంఖ్య, పానా సైజు మారుతాయి, అంతే.

ముందు ప్లగ్గుల కొనుగోలు సంగతి చెప్తాను. బండి మాన్యువల్‌లో ప్లగ్గు నంబరు ఉంటుంది. మాన్యువల్ పోయి ఉంటే పాత ప్లగ్గు మీద తెల్లటి పింగాణీ భాగంలో రాసి ఉంటుంది. కానీ ఆ పాత ప్లగ్గే తప్పుది వేసి ఉండొచ్చు కాబట్టి షాపులో బండి మోడలూ సంవత్సరమూ చెప్పి సరిచూసుకోండి. ఆ అక్షరాలు ఊరికే రాసినవి కావు. ఉదాహరణకు ఎన్‌జీకే వాళ్ల బీపీఆర్6ఈఎస్ తీసుకోండి. మొదటి బీ అంటే 14 మిల్లీమీటర్ల మర. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉందని, దానివల్ల రేడియోలో గరగర రాదు. 6 అనేది హీట్ రేంజ్, అంటే ప్లగ్గు తన కొసలోని వేడిని ఎంత త్వరగా బయటికి వదులుతుందో చెప్పే అంకె. త్వరగా వదిలితే చల్లటి ప్లగ్గు, మెల్లగా వదిలితే వేడి ప్లగ్గు అంటారు. ఆ తర్వాతి ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. ఈ మర పొడవు చాలా ముఖ్యం. పొడవెక్కువైతే పిస్టన్‌కి తగిలే ప్రమాదం ఉంది. పొట్టిదైతే హెడ్డులో, అంటే ప్లగ్గులు బిగించే ఇంజిన్ పైభాగంలో, మిగిలిన మరల్లో బొగ్గు పేరుకుపోతుంది. ఇంకో మాట. హీట్ రేంజ్ అంకె అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండదు. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లటి ప్లగ్గు, బాష్‌లో అంకె పెరిగితే వేడి ప్లగ్గు. అందుకే అంకెలు చూసి సొంతంగా జత కలపకండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో అన్ని రకాలూ దొరుకుతాయి. డబ్బా సీలు చూసి, బిల్లు తీసుకుని కొనండి. బ్రాండ్ పేరు అచ్చేసిన నకిలీలు ఉంటాయి.

పనిముట్లు: ప్లగ్గు పానా, దానికి ఎక్స్‌టెన్షన్, సందు కొలిచే సన్న రేకుల ఫీలర్ గేజ్, ఒక గుడ్డ, టైరుకి గాలి కొట్టే పంపు, ఒక అడుగు పొడవున్న సన్న రబ్బరు ట్యూబు. ప్లగ్గు పానాలో మామూలుగా రెండు సైజులుంటాయి, 16, 21. పాత రకం లావు ప్లగ్గులకు 21 పడుతుంది. లోపల రబ్బరు ఉన్న పానా తీసుకోండి. ప్లగ్గుని జారిపోకుండా పట్టుకుంటుంది, పింగాణీ పగలదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. చెయ్యి కాలుతుందని మాత్రమే కాదు. ఈ బండికి సిలిండర్ హెడ్డు అల్యూమినియంది, ప్లగ్గు మర ఉక్కుది. వేడి మీద ఉన్న అల్యూమినియం మెత్తబడి ఉంటుంది. అప్పుడు బలంగా తిప్పితే హెడ్డులో మరలు ఊడి ప్లగ్గుతో పాటే బయటికి వచ్చేస్తాయి. బండి రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున్న మొదలుపెట్టడం మంచిది. తాళంచెవి తీసి జేబులో పెట్టుకోండి.

తమ్ముడూ, కెమెరా కొంచెం దగ్గరికి తీసుకురా. ఇదిగో, ఈ గుండ్రటిది డిస్ట్రిబ్యూటర్ క్యాప్, ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచేది. దీని మధ్యలోంచి ఒక వైరు, నిప్పురవ్వకి కావలసిన వోల్టేజీ పుట్టించే కాయిల్‌కి పోతుంది. చుట్టూ ఉన్న మూడు మందపాటి వైర్లు ప్లగ్గుల మీదికి దిగుతాయి. మెకానిక్‌లు హెచ్‌టీ వైర్లంటారు. బెల్టు ఉన్న వైపుది ఒకటో సిలిండర్. మూడూ ఒకేసారి పీకేయకండి. ఒకటి తీసి, ఆ ప్లగ్గు మార్చి, ఆ వైరు పెట్టేసి, ఆ తర్వాతే రెండోదాని దగ్గరికి వెళ్లండి. పొరపాటున కలిసిపోయాయా, ఈ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు వెలిగే వరుస, 1-3-2 అని గుర్తుపెట్టుకోండి.

వైరుని పట్టుకుని లాగొద్దు. చివర ఉన్న రబ్బరు టోపీని పట్టుకుని అటూ ఇటూ కొంచెం మెలితిప్పి లాగండి. ఏళ్ల తరబడి అంటుకుపోయి ఉంటుంది, మెలితిప్పితేనే వదులుతుంది. వైరు పట్టి లాగితే లోపలి తీగ తెగిపోతుంది, పైకి మాత్రం వైరు బాగానే కనిపిస్తుంది. ఆ తర్వాత మిస్సింగ్ ఎందుకో తెలియక తల పట్టుకుంటాం.

టోపీ తీశాక వెంటనే పానా పెట్టకండి. ప్లగ్గు చుట్టూ చూడండి, ఎంత మట్టి, ఎంత ఇసుక! ప్లగ్గు తీయగానే అదంతా నేరుగా సిలిండర్‌లో పడుతుంది. పంపుతో గట్టిగా గాలి కొట్టి అంతా ఊదేయండి.

ఇప్పుడు పానా నిటారుగా పెట్టి ఎడమవైపు తిప్పండి. పక్కకి వాలితే పింగాణీ విరుగుతుంది. బిగుసుకుపోయి ఉంటే బలం పెట్టకండి. కొంచెం లూజు చేసి, మర దగ్గర కాస్త పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి, పది నిమిషాలు వదిలి, మళ్లీ కొంచెం బిగించి కొంచెం లూజు చేస్తూ రండి.

తీసిన ప్లగ్గుల్ని పారేయకండి. ఏది ఏ సిలిండర్‌దో వరుసగా ఇలా గుడ్డ మీద పెట్టండి. ఈ వీడియోలో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. ఇంజిన్ విప్పకుండా లోపల ఏం జరుగుతోందో మనకు కనపడేది ఈ ప్లగ్గుల కొసల మీదే. చాలాచోట్ల తీయగానే చెత్తబుట్టలో వేసేస్తారు. నాకు చాలా బాధగా ఉంటుంది.

చూడండి, ఇది ఒకటో నంబరు. కొస మీద లేత గోధుమ రంగు, పొడిగా ఉంది. అంటే ఆ సిలిండర్‌లో పెట్రోలు, గాలి సరిగ్గా మండుతున్నాయి. కానీ మధ్యలో ఉన్న ఎలక్ట్రోడ్ చూడండి. కొత్తదానికి అంచులు పదునుగా, చదరంగా ఉంటాయి. దీనికి అరిగి గుండ్రంగా అయిపోయింది, దానికీ పక్కన వంగి ఉన్న ఎలక్ట్రోడ్‌కీ మధ్య గ్యాప్ పెరిగిపోయింది. గ్యాప్ పెరిగినకొద్దీ నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. బండి మీద భారం పడినప్పుడు, అంటే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి అది ఇంకా కష్టమవుతుంది. బాబాయి గారి మిస్సింగ్ అక్కడే ఎక్కువ కావడానికి కారణం ఇదే. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో ప్లగ్గు సెకనుకి 25 సార్లు వెలగాలి. అరగడంలో ఆశ్చర్యమేముంది?

రెండోది కూడా అలాగే ఉంది. మూడోది చూడండి. నల్లగా, తడిగా, వేలితో ముట్టుకుంటే జిడ్డు. ఇది పెట్రోలు తడి కాదు, ఇంజిన్ ఆయిల్. పెట్రోలైతే కాసేపటికి ఆరిపోతుంది, వాసన తెలిసిపోతుంది. ఆయిల్ రెండు దారుల్లో రావచ్చు. వాల్వ్ సీళ్లు పాడైతే పైనుంచి, పిస్టన్ రింగులు అరిగితే కిందనుంచి. పొద్దున్న స్టార్ట్ చేయగానే ఒక్క దఫా నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్ల మీద అనుమానం. ఎత్తు ఎక్కేటప్పుడు, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పొగ వస్తూనే ఉంటే రింగుల మీద అనుమానం. కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే పరీక్ష, చేయిస్తే తేలిపోతుంది. కొత్త ప్లగ్గు వేస్తే ఈ సిలిండర్ కొన్నాళ్లు బాగా పనిచేస్తుంది, కానీ జబ్బు తగ్గదు. బాబాయి గారికి ఆ మాట ముందే చెప్పాను.

మీ మూడు ప్లగ్గులూ పొడి మసితో నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందని. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయడానికి లాగే చోక్ పూర్తిగా వెనక్కి వెళ్తోందో లేదో చూడండి. తెల్లగా మాడి, బొబ్బలు కట్టినట్టు ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. ఇంజిన్ అతిగా వేడెక్కుతోంది, మిశ్రమంలో పెట్రోలు తక్కువైందో, నిప్పురవ్వ పడే టైమింగ్ ముందుకి జరిగిందో మెకానిక్‌తో చూపించండి.

ఎమెరీ కాగితంతో గీకి మళ్లీ వేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. దారిలో ఆగిపోయినప్పుడు ఇంటికి చేరడానికి సరే. అరిగిన అంచు మాత్రం గీకితే తిరిగి రాదు. ఇరుక్కున్న రజను ఇంజిన్‌లోకి పోతుంది. మూడు మామూలు ప్లగ్గుల ఖరీదు ఒక ఫుల్ ట్యాంక్ పెట్రోలు కంటే చాలా తక్కువ, కొత్తవే వేయండి.

కొత్త ప్లగ్గు డబ్బాలోంచి తీశాక గ్యాప్ కొలవండి. కార్బ్యురేటర్ బండికి సాధారణంగా 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు, మీ మాన్యువల్‌లో వేరేగా ఉంటే అదే పాటించండి. గేజ్ రేకు కొంచెం రాసుకుంటూ జారాలి. గ్యాప్ మార్చాలంటే పక్కన వంగి ఉన్న ఎలక్ట్రోడ్‌నే కదపండి, మధ్యదాన్ని అస్సలు తాకకండి. ఇరీడియం ప్లగ్గులైతే మధ్య కొస చాలా సన్నం, వాటితో ఇంకా జాగ్రత్త. ప్లగ్గు కింద పడిందంటే మళ్లీ కొలవాల్సిందే. లోపల పింగాణీ చిట్లిందని అనుమానం వస్తే దాన్ని వాడొద్దు.

ఇప్పుడు అసలు జాగ్రత్త ఇక్కడ. ప్లగ్గు పైకొసని ఈ రబ్బరు ట్యూబులో దూర్చండి, ట్యూబుతోనే రంధ్రంలో పెట్టండి. ముందు వెనక్కి, అంటే ఎడమవైపు, మెల్లగా తిప్పండి. ఒకచోట ‘టక్’ మని చిన్నగా కిందికి జారుతుంది. స్టీలు డబ్బా మూత బిగించేటప్పుడు మర కలిసిన చోటు తెలిసినట్టే తెలుస్తుంది. అక్కడినుంచి కుడివైపు తిప్పండి. మర సరిగ్గా పడితే వేళ్లతోనే చివరిదాకా వెళ్తుంది. అడ్డంగా పడితే ట్యూబు ప్లగ్గు మీద జారి తిరుగుతుంది, ప్లగ్గు కదలదు. అందుకే పానా కంటే ట్యూబు నమ్మకం. మొదట్లోనే పానా పెట్టి తిప్పితే అడ్డంగా పడినా తెలియదు, హెడ్డులో మర పోతుంది. అప్పుడు పోయిన మర బదులు హెలికాయిల్ అనే తీగచుట్ట మర వేయించాల్సి వస్తుంది. ఖర్చుకి ఖర్చు, తిప్పలకి తిప్పలు.

వేళ్లతో పూర్తిగా కూర్చున్నాక పానాతో బిగించండి. వాషరున్న కొత్త ప్లగ్గుకి ఇంకో అర చుట్టు, మహా అయితే అర కంటే కొంచెం ఎక్కువ. వాషర్ నలిగి అతుక్కుంటుంది, అదే సీలు. ఎంత బలంగా బిగిస్తున్నామో చూపే టార్క్ పానా ఉంటే అల్యూమినియం హెడ్డులో 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. వాడిన ప్లగ్గే మళ్లీ వేస్తే వాషర్ ముందే నలిగి ఉంటుంది, గడియారంలో ఒక అంకె నుంచి పక్క అంకెకి ఉన్నంత దూరం తిప్పితే చాలు. మరకి గ్రీజు రాయొద్దు. జారుడు పెరిగి, మనకు తెలియకుండానే ఎక్కువ బిగుస్తుంది.

టోపీ లోపల చీలికలు, తెల్లని బూజు ఉన్నాయేమో చూసి, ‘క్లిక్’ మనేదాకా నొక్కండి. చీకటి పడ్డాక బానెట్ తెరిచి ఇంజిన్ నడిపి చూస్తే, పాత వైర్ల నుంచి నీలం రవ్వలు బయటికి దూకుతుంటే కనిపిస్తాయి. అలా ఉంటే వైర్ల సెట్టు కూడా మార్చాలి. చూడండి కానీ, నడుస్తున్నప్పుడు చెయ్యి పెట్టకండి.

స్టార్ట్ చేస్తున్నాను. వినండి. మూడు సిలిండర్ల బండికి కొంచెం అదురు ఉంటుంది, అది సహజం. ఇందాకటి వణుకు మాత్రం లేదు, ఐడిలింగ్ ఒకే తీరుగా ఉంది. ప్లగ్గు పక్కన ‘టిస్ టిస్’ మని గాలి శబ్దం ఉందేమో ప్రతి దాని దగ్గరా చెవి పెట్టి వినండి. ఉంటే ఇంజిన్ ఆపి చల్లార్చి మళ్లీ బిగించండి.

కొత్త ప్లగ్గులు వేసిన రోజు కిలోమీటర్లు గ్లోవ్ బాక్స్‌లో ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. మామూలు ప్లగ్గులు సుమారు 20,000 కిలోమీటర్లకు మారుస్తూ ఉండాలి. ఈ మూడో సిలిండర్ ప్లగ్గుని మాత్రం 1,000 కిలోమీటర్లకే తీసి చూస్తాం. మళ్లీ జిడ్డుగా ఉంటే వాల్వ్ సీళ్లో, రింగులో తేల్చుకుని ఆ పని పెట్టుకోక తప్పదు, అది ఇంకో వీడియోలో. ఉంటానండీ.