వేలిముద్ర పడని చేతులకు బియ్యం అందేదెలా?

(తెరపై: చౌకధరల దుకాణంలో బల్ల మీద ఈ-పోస్ యంత్రం.)

నమస్కారం. జాతీయ ఆహార భద్రతా చట్టం, 2013 ప్రకారం ప్రాధాన్య కుటుంబాల్లో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల తిండిగింజలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు అందాలి. ఆంధ్రప్రదేశ్ చౌకదుకాణాల్లో 2015 నుంచి ఈ-పోస్ యంత్రాలు రావడంతో, వేలిముద్ర సరిపోలితేనే సరుకు ఇచ్చే పద్ధతి మొదలైంది. ఒకరి కోటాను మరొకరు కాజేయకుండా ఆపాలన్నది న్యాయమైన ఉద్దేశమే.

అయితే ఆ యంత్రం చదివేది వేలి గీతలను. సిమెంటు కలిపే చేతుల్లోనూ, ఏళ్ల తరబడి బండపని చేసిన చేతుల్లోనూ, వయసు మీద పడి ముడతలు తేలిన చేతుల్లోనూ ఆ గీతలు అరిగిపోతాయి.

(తెరపై: ఒక వృద్ధురాలు చేయి కడుక్కుని, చీర చెంగుకు తుడుచుకుని, బొటనవేలు కాకపోతే చూపుడువేలు, అదీ కాకపోతే ఉంగరపువేలు పెడుతుంది. "వేలిముద్ర పడట్లేదమ్మా, రేపు రా" అంటాడు డీలర్.)

ఆ రేపు కూలికి వెళ్లేవారికి ఒక రోజు కూలి పోయినట్లే. సేవను కార్యాలయంలో ఊహించి తయారుచేసి ప్రజలనే దానికి అలవాటు పడమనడం మనకు తెలిసిన పద్ధతి. మానవ కేంద్రిత రూపకల్పన ఇందుకు భిన్నమైనది: వాడేవారి పక్కన కూర్చుని, నమూనాను వారి చేతికిచ్చి, ఎక్కడ ఆగిపోతున్నారో చూసి, మార్చి, మళ్లీ వారికే ఇచ్చి చూడటం. అందరికంటే ముందు ఎవరి పక్కన కూర్చోవాలన్నదే ఇందులో అసలు ప్రశ్న. వేలిముద్ర సులువుగా పడేవారితో పరీక్షిస్తే యంత్రం ఎప్పుడూ బాగానే పనిచేస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ముద్ర పడనివారి తరఫున వీఆర్వో తన వేలిముద్రతో ధ్రువీకరించే వెసులుబాటు కల్పించారు. మనిషి తీర్పుకు చోటిచ్చిన మంచి ఏర్పాటు ఇది. కానీ వీఆర్వో దొరకాలి; ఆయన కోసం తిరిగే భారం మళ్లీ ఆ వృద్ధురాలిదే. తెలంగాణలో 2021 ఫిబ్రవరి నుంచి, కొవిడ్ కాలంలో, వేలిముద్రకు బదులు ఓటీపీ, కనుపాప పద్ధతులు తెచ్చారు. అప్పుడు ఆధార్‌కు ఫోన్ నంబరు అనుసంధానం కానివారు ఆధార్ కేంద్రాల ముందు బారులు తీరారు. తాకకుండా సరుకు ఇవ్వాలన్న ఆలోచన మంచిదే అయినా, ఫోన్ లేని ఇంటి గుమ్మంలో నిలబడి దాన్ని పరీక్షించి ఉంటే ఆ వరుసలు ముందే కనిపించేవి.

ధ్రువీకరణ విఫలమైనా అర్హులకు సేవ నిరాకరించరాదని ఆధార్ ప్రాధికార సంస్థ 2017 అక్టోబరులోనే ఆదేశించింది. ఆదేశం కాగితం మీద ఉంటే చాలదు. ముద్ర పడనప్పుడు డీలర్ ఏం చేయాలో యంత్రం తెరే, తెలుగులో, అక్కడికక్కడే చూపాలి.

(తెరపై: ఖాళీ సంచితో వెనుదిరిగిన ఒక మనిషి.)

ఇచ్చిన సరుకు లెక్క యంత్రంలో ఉంటుంది. ఖాళీ సంచితో వెళ్లినవారి లెక్క కూడా ఉండాలి. నెలాఖరుకు సరుకు తీసుకోనివారి జాబితా తీసి, వారి ఇళ్లకు వెళ్లి, అవసరం లేక రాలేదా, వచ్చి తిరిగి వెళ్లారా అని అడగాలి. తర్వాతి నెల మార్పులను ఆ జవాబుల నుంచే మొదలుపెట్టాలి.