సర్క్యులర్ వచ్చిందండీ, చూశారా?

(ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కొత్త విద్యా సంవత్సరం మొదటి స్టాఫ్ మీటింగులో కాలేజీ నాణ్యత చూసే విభాగం ఐక్యూఏసీ కోఆర్డినేటర్ ప్రసంగ పాఠం)

ప్రిన్సిపల్ మేడమ్‌కు, తోటి లెక్చరర్లకు, ఆఫీసు సిబ్బందికి, లైబ్రేరియన్ గారికి, ల్యాబుల్లో పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

మామూలుగా ఈ మీటింగుకు ఆఫీసు వాళ్లను, అటెండర్లను పిలవం. పిలిస్తే టీ అందించడానికే పిలుస్తాం. ఈసారి అందరూ కూర్చోవాలని మేడమ్‌ను నేనే అడిగాను, ఆమె సరేనన్నారు. టీ ఎవరిది వాళ్లమే తెచ్చుకుందాం. వెనక బెంచీల వాళ్లు కాస్త ముందుకు రండి. పిల్లలకు రోజూ మనం చెప్పే మాటే ఇది.

ముందు కాలేజీ కబుర్లు. పై అంతస్తులో కారే రెండు గదులకు మరమ్మతు అయిందన్నారు. మొదటి గట్టి వాన పడేదాకా నేను నమ్మను. డిగ్రీ అడ్మిషన్ల దోస్త్ హెల్ప్‌డెస్క్ డ్యూటీ చార్టు ఆఫీసు తలుపుకు అంటించారు. పేరు ఉన్నవాళ్లు 'నాకు తెలియదు' అనొద్దు. బోరు మోటారు కాలిపోయింది, వచ్చే వారం దాకా ల్యాబులకు నీళ్లు డ్రమ్ముల్లోనే. ఇక కబుర్లు చాలు.

నేను మాట్లాడాలనుకున్నది మన నోటీసు బోర్డు గురించి. దానికి అద్దం ఉంది, అద్దానికి తాళం ఉంది, తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. లోపల ఉన్న కాగితం ఎండకు పసుపురంగుకు తిరిగింది. 'చివరి తేదీ' అన్న మాట కనిపిస్తుంది, తేదీ మాత్రం చెరిగిపోయింది. ఇక వాట్సాప్ గ్రూపు. పొద్దున్నే గులాబీ పూలు, సూర్యోదయాలు, ఎవరిదో పుట్టినరోజు కేకు. వాటి మధ్యలో ఒక పీడీఎఫ్. దాని కింద పదిహేను దండాలు. ఆ దండం పెట్టినవాళ్లలో ఫైలు తెరిచినవాళ్లు ఎందరో అడిగి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నాకు ఒకసారి తగిలిన దెబ్బ ఉంది. అప్పట్లో వేరే కాలేజీలో ఉన్నాను. ప్రమోషన్‌కు కావలసిన శిక్షణ, రిఫ్రెషర్ కోర్సుకు దరఖాస్తు పెట్టాను. జవాబు రాలేదు, సీటు రాలేదేమో అనుకున్నాను. ఒకరోజు ఏదో స్టాక్ రిజిస్టర్ కోసం ఆఫీసు బీరువా తెరిస్తే, ఆ రిజిస్టర్ కింద నా పేరున్న కవరు. మీద గుండ్రంగా టీ కప్పు మరక. లోపల సెలెక్షన్ లెటర్. కోర్సు మొదలై అప్పటికి నాలుగు రోజులు. ఎవరి మీద అరవను? ఆ గుమాస్తా ఒక్కడే మూడు సీట్ల పని చేస్తున్నాడు. మళ్లీ కోర్సు దొరికేసరికి ఏడాది గడిచింది, నా ప్రమోషనూ అంత వెనక్కి పోయింది. ఆ కవరు ఇప్పటికీ నా దగ్గర ఉంది. మరకతో సహా.

కాబట్టి అవకాశాలు లేవనే మాట నేను ఒప్పుకోను. ఉన్నాయి. ప్రతిదానికీ ఒక చివరి తేదీ, ఎవరిదో ఒకరి సంతకం ఉంటాయి. ఆ రెంటి మధ్య మన కాగితం ఎక్కడో ఆగిపోతుంది.

కొత్తగా చేరిన నలుగురు అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఇది జాగ్రత్తగా వినండి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం మీ మొదటి మెట్టు, అంటే జీతాల స్కేల్లో లెవెల్ 10 నుంచి 11కు వెళ్లడానికి, పీహెచ్‌డీ ఉంటే నాలుగేళ్లు, ఎంఫిల్ ఉంటే ఐదు, పీజీ మాత్రమే ఉంటే ఆరేళ్ల సర్వీసు కావాలి. సర్వీసు దానంతటదే పెరుగుతుంది. దాంతోపాటు కావలసిన శిక్షణ కోర్సులు వాటంతటవి రావు. కొత్తవాళ్లకిచ్చే ఇండక్షన్ ప్రోగ్రాం నాలుగు వారాలు, రిఫ్రెషర్ రెండు వారాలు. నాలుగో ఏడు వచ్చాక వెతుక్కుంటే ఆ నెలలో మీ సబ్జెక్టుకు కోర్సే ఉండకపోవచ్చు. మొదటి రెండేళ్లలో పూర్తి చేసేయండి. పెళ్లి కానివాళ్లకు ఇంకా సులువు.

ఈ కోర్సులు పెట్టే కేంద్రాల పేర్లు మారుతూ వచ్చాయి. 1987 ప్రాంతంలో అకడమిక్ స్టాఫ్ కాలేజీలని మొదలయ్యాయి. తర్వాత హెచ్ఆర్‌డీసీలు, అంటే మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి. 2023 నుంచి మాలవీయ మిషన్ కేంద్రాలంటున్నారు. మా తరం ఇప్పటికీ 'స్టాఫ్ కాలేజీ' అనే అంటుంది. ఉస్మానియాలో, సెంట్రల్ యూనివర్సిటీలో, మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ మనూలో, జేఎన్‌టీయూలో ఉన్నాయి. మన ఊరి నుంచి బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరతాం. ఇప్పుడు చాలా కోర్సులు ఆన్‌లైన్లోనే. కానీ నా మాట వినండి, ఒక్కటైనా అక్కడికి వెళ్లి చేయండి. ఆన్‌లైన్లో కెమెరా ముందు కూర్చుని, పక్కన కూర తరుగుతూ హాజరు వేయించుకోవడం నేనూ చేశాను. మిగిలింది సర్టిఫికెట్టే. ఉస్మానియా హాస్టల్లో రాత్రి పదకొండింటిదాకా కర్నూలు లెక్చరర్‌తో, కటక్ లెక్చరర్‌తో వాదించుకున్న మాటలు మాత్రం ఇప్పటికీ క్లాసులో పనికొస్తున్నాయి.

వెళ్లలేనివాళ్లకు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం ఉంది. జులైలో ఒక సెమిస్టరు, జనవరిలో ఒకటి. చేరడం, పాఠాలు వినడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. అందులో ఐఐటీల వాళ్లు నడిపే ఎన్‌పీటెల్ కోర్సుకు ఆ ఫీజు వెయ్యి రూపాయలు. పోయినేడు నేనూ ఒకటి చేశాను, పన్నెండు వారాలది. వారంవారం అసైన్‌మెంటు, బుధవారం అర్ధరాత్రి గడువు. పన్నెండింటిలో మెరుగైన ఎనిమిది లెక్కలోకి తీసుకుంటారు. వాటికి 25 మార్కులు, సెంటరుకు వెళ్లి రాసే పరీక్షకు 75. రెండింటిలో విడివిడిగా పాస్ కావాలి, 25కు 10, 75కు 30. పరీక్ష హాల్లో పక్క సీటు బీటెక్ పిల్లవాడు లేచి నిలబడి, "సర్, మీరు ఇన్విజిలేటరా?" అన్నాడు. "కాదు నాన్నా, నాకూ హాల్‌టికెట్ ఉంది" అన్నాను. నాకు అసైన్‌మెంట్లలో 22, పరీక్షలో 41 వచ్చాయి. ఆ మార్కుల మెమో మా ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించాను. మా అబ్బాయి నవ్వుకుంటాడు, నవ్వుకోనీ.

ఒక మాట పక్కకు వెళ్లి చెప్పాలి. కరోనా రోజుల్లో వెబినార్ సర్టిఫికెట్లు కుప్పలుగా పోగేశాం. గంట వినడం, గూగుల్ ఫారం నింపడం, బంగారు అంచు కాగితం డౌన్‌లోడ్ చేయడం. అందులో మన పేరు కూడా ఒక్కోసారి తప్పే. ఇప్పుడు ఆ దుకాణం పరిశోధన పత్రికల మీదికి మారింది. 'వారంలో పేపర్ వేస్తాం, 1,500 ఫోన్‌పే చేయండి' అని మెసేజీలు వస్తాయి. యూజీసీ గుర్తించిన పత్రికల జాబితా, కేర్ జాబితా ఉన్నప్పుడు కనీసం చూసుకోవడానికి ఒకటుండేది. 2025 ఫిబ్రవరిలో దాన్ని ఎత్తేశారు. ఏ పత్రిక మంచిదో తేల్చుకోవాల్సింది ఇక మనమూ, మన కాలేజీలూ. సంపాదకవర్గంలో ఒకరికి మెయిల్ పెట్టి చూడండి. జవాబు రాకపోతే డబ్బు మిగిలిందనుకోండి.

మంచి పత్రికలు చదవడానికి కూడా లేదంటారా? ఆ సాకు పోయింది. ఒకే దేశం ఒకే చందా పథకానికి 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2025 నుంచి 2027 దాకా మూడేళ్లకు 6,000 కోట్లు. 30 మంది ప్రచురణకర్తల నుంచి దాదాపు 13,000 పత్రికలు, ప్రభుత్వ కాలేజీలన్నిటికీ అందేలా. ఒక్క వ్యాసం బయట కొనాలంటే 30, 40 డాలర్లు అడుగుతారు. నా పీహెచ్‌డీ రోజుల్లో ఒక వ్యాసం జిరాక్స్ కోసం హైదరాబాదు పోయి, ఆ సంచిక బైండింగుకు ఇచ్చారని తెలిసి, ఉత్తి చేతులతో వచ్చాను. మన కాలేజీ రిజిస్ట్రేషన్ లైబ్రేరియన్ గారు పూర్తి చేశారు. కానీ లాగిన్ అడిగినవాళ్లు ఇప్పటికి ముగ్గురే. స్టాఫ్ అంతా కలిసి ముగ్గురు! ఆయనకు కోపం వచ్చే ముందే లాగిన్ తీసుకోండి.

సైన్స్ వాళ్లకు చాలామందికి తెలియనిది ఒకటుంది. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్ ఇస్తాయి. పిల్లలకే అనుకుంటాం, టీచర్లకు కూడా. రెండు నెలలు ఏదైనా పెద్ద ల్యాబులో పనిచేయొచ్చు. దరఖాస్తు గడువు మామూలుగా ముందు ఏడాది చివర్లోనే ముగుస్తుంది. వేసవి ఫెలోషిప్ కదా అని మనం మార్చిలో వెతుకుతాం, అప్పటికి జాబితా కూడా వచ్చేసి ఉంటుంది.

తెలుగు మీడియం పాఠాలు చెప్పే మిత్రులకు మరొకటి. అస్మిత అనే పథకాన్ని యూజీసీ 2024 జులైలో మొదలుపెట్టింది. ఐదేళ్లలో 22 భారతీయ భాషల్లో 22,000 పుస్తకాలు రాయించాలని, అనువాదం చేయించాలని లక్ష్యం. మనకిది కొత్త కాదు, 1968లో తెలుగు అకాడమీ పెట్టినప్పుడు ఆ తరం లెక్చరర్లు చేసిన పనే. వాళ్లు తయారు చేసిన పదాలతోనే మనం చదువుకున్నాం. కొన్ని నోరు తిరగనివి, నిజమే. 'మంచి పుస్తకం లేదు సార్' అని రెండో ఏడాది పిల్లలు అడిగినప్పుడల్లా మీరు నల్లబల్ల మీద రాసిచ్చే నోట్సు ఉంది కదా, అదే మొదటి చిత్తుప్రతి. మెషీను అనువాదాన్ని నమ్ముకుంటే మాత్రం 'సొల్యూషన్'కు 'ద్రావణం' రావాల్సినచోట 'పరిష్కారం' వచ్చి, మా కెమిస్ట్రీ బీకరులో లెక్కల జవాబు తేలుతుంది.

ఇప్పుడు అసలు వెనక బెంచీల దగ్గరికి వస్తాను.

ఆఫీసులో పనిచేసే వాళ్లకు డిపార్ట్‌మెంటల్ టెస్టులున్నాయి. పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. పై సీటుకు వెళ్లాలంటే ఏ ఏ టెస్టులు పాస్ కావాలో సూపరింటెండెంట్ గారు ఒక కాగితం మీద రాసి ఇస్తామన్నారు. అకౌంట్స్ అంటే భయం ఉన్నవాళ్లకు మన కామర్స్ మేడమ్ శనివారం మూడింటికి గంటసేపు చెబుతానన్నారు. ఫీజు లేదు, చెప్పించుకోవడానికి మొహమాటం ఎందుకు?

ఇక మన కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్. పేరు చెబితే సిగ్గుపడి బయటికి వెళ్లిపోతాడు. చుక్కచుక్కగా ద్రావణం కలిపే టైట్రేషన్‌లో, ఎక్కడ ఆపాలో చెప్పే ఎండ్ పాయింట్ ఆయన కంటికి తెలిసినట్టు మా ఫైనలియర్ పిల్లలకు తెలియదు. లేత గులాబీ రంగు రాగానే దూరం నుంచే "ఆపు బిడ్డా, అయిపోయింది" అంటాడు. బ్యూరెట్ చూస్తే ఆ చుక్కకే అయిపోయి ఉంటుంది. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఇంటర్ దగ్గర చదువు ఆగింది. ఆయన్ను ముందుకు పోనీయకుండా ఆపుతున్నది ఆ ఒక్క డిగ్రీయే.

మన కాలేజీలో అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం స్టడీ సెంటరుంది. 1982లో మొదలైన యూనివర్సిటీ అది, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఆదివారాల్లో ఆ క్లాసులు మన గదుల్లోనే జరుగుతాయి. పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చి ఆ గదుల తాళాలు తీసేదెవరు? ఈయనే. బోర్డు తుడిచేది, సాయంత్రం ఫ్యాన్లు ఆపి తాళాలు వేసేది ఈయనే. పన్నెండేళ్లుగా ఆ గది గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతున్నాడు. పోయిన నెల నేనే అడిగాను, "నువ్వెందుకు కూర్చోవు?" అని. "నాకు ఎవరూ చెప్పలేదు సార్" అన్నాడు. నేనూ చెప్పలేదు కదా! ఆ సెంటరులో నేను ఆరేళ్లు కౌన్సెలర్‌గా పాఠాలు చెప్పాను.

ఈ ఏడాది ఆయన చేరుతున్నాడు. శాఖ అనుమతి కోసం దరఖాస్తు నిన్న ఆఫీసులో ఇచ్చాడు. ఇన్వర్డ్ నంబరు వేయించి, నంబరు నా డైరీలో రాసుకున్నాను. సూపరింటెండెంట్ గారూ, అది బీరువాలోకి వెళ్లకూడదండీ.

గెస్ట్ లెక్చరర్లకు నేను చెప్పగలిగింది తక్కువ, అది దాచను. పీరియడ్ లెక్కన జీతం తీసుకుంటూ, వచ్చే ఏడు ఉంటామో లేదో తెలియని వాళ్లకు ప్రమోషన్ నిబంధనలు చదివి వినిపించడం బాగుండదు. కానీ స్వయం మీకూ తెరిచే ఉంది, లైబ్రరీ లాగిన్ మీకూ ఇస్తారు. ఇంటర్వ్యూకు అడిగే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కోసం మీరు రెండేసి నెలలు తిరుగుతున్నారని నాకు తెలుసు. ఇకమీదట మూడు పనిరోజుల్లో ఇస్తామని మేడమ్ ఒప్పుకున్నారు. అందరి ముందూ చెబుతున్నాను, ఆమె కూడా ఇక్కడే ఉన్నారు.

ఆఖరుగా ఏర్పాట్లు. నోటీసు బోర్డు తాళం నిన్న పగలగొట్టించాను, ఆ యాభై రూపాయలు నావే. వాట్సాప్‌లో సర్క్యులర్లకు వేరే గ్రూపు పెడుతున్నాం, అందులో అడ్మిన్లు మాత్రమే పోస్టు చేస్తారు. పూలు పాత గ్రూపులోనే పెట్టుకోండి. లైబ్రేరియన్ గారి బల్ల మీద ఎర్ర అట్ట రిజిస్టరు ఒకటి ఉంటుంది. ఎవరు దేనికి దరఖాస్తు పెట్టారు, చివరి తేదీ ఏది, కాగితం ఇప్పుడు ఎవరి దగ్గరుంది, ఈ మూడే గళ్లు. మూడో గడిలో నా పేరు వారం కన్నా ఎక్కువ రోజులు కనిపిస్తే నన్నూ అడగండి, మొహమాటపడొద్దు.

స్వయంలో చేరాలనుకునేవాళ్లు సోమవారం మూడింటికి లైబ్రరీకి రండి, నాలుగు కంప్యూటర్లు ఖాళీగా పెట్టిస్తాను. ఫోను ఎవరిది వాళ్లే తెచ్చుకోండి, ఛార్జింగ్ పెట్టుకుని మరీ రండి. పోయినసారి సగం మందికి ఓటీపీ ఇంట్లో ఉన్న ఫోనుకు వెళ్లింది.