ప్యాలెట్ కాదు, ముందు రేంజ్ మార్చండి

తెర మీద ఉన్నది మన చెన్నై ముందు సముద్రం. పైన పులికాట్, కింద మహాబలిపురం. ఆక్వా ఉపగ్రహంలోని మోడిస్ అనే పరికరం తీసిన క్లోరోఫిల్ (నాచులోని పచ్చ పదార్థం) డేటా ఇది. ఫైలు తెరవగానే ఒడ్డు వెంట సన్నటి ఎర్ర గీత, మిగతా బంగాళాఖాతం అంతా ఒకటే నీలం. చాలామంది ఇక్కడ ప్యాలెట్, అంటే రంగుల వరస, మార్చేస్తారు. నీలం పోయి ఊదా వస్తుంది, అంతే.

తేడా రేంజ్‌లో ఉంది, అంటే రంగులు ఏ విలువ నుంచి ఏ విలువ దాకా పంచామన్నదాంట్లో. ఇక్కడ ఘనపు మీటరుకి 0 నుంచి 20 మిల్లీగ్రాముల దాకా రంగులు సమానంగా పంచి ఉన్నాయి. లోసముద్రంలో విలువలు చాలాచోట్ల 0.1కీ 0.3కీ మధ్యే ఉంటాయి. ప్యాలెట్‌లో 256 రంగులుంటే, ఆ మొత్తం తేడాకి దక్కేవి రెండో మూడో! మిగతావన్నీ ఒడ్డు పక్క పిక్సెళ్ల కోసం పక్కన పెట్టేసినట్టే.

ఇప్పుడు మినిమమ్ 0.05, మాక్సిమమ్ 10 పెట్టి, స్కేల్‌ని లాగ్ చేస్తున్నా, అంటే సమాన తేడాలకి కాకుండా సమాన రెట్లకి సమానంగా రంగులు పంచడం. చూడండి, ఆ 0.1-0.3 ముక్కకే 50కి పైగా రంగులొచ్చాయి. సుడులు, ఒడ్డు నుంచి లోపలికి సాగిన తోకలు ఇప్పుడు కనిపిస్తాయి. మినిమమ్‌లో సున్నా మాత్రం పెట్టకండి, సున్నాకి లాగ్ ఉండదు. పైథాన్ వాడేవాళ్లు, మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో లాగ్ స్కేల్ పెట్టే లాగ్‌నార్మ్‌కి ఇవే అంకెలు ఇవ్వండి.

ఇంకో చిక్కు. మేఘం కప్పిన చోట ఫైల్లో విలువ లేదనడానికి గుర్తుగా -32767 అని ఉంటుంది. దాన్ని మాస్క్ చేయకపోతే (లెక్కలోంచి తప్పించకపోతే) ఆటో రేంజ్ అక్కడిదాకా జారిపోతుంది. మేఘానికీ నేలకీ ప్యాలెట్‌లో లేని రంగులివ్వండి, బూడిద రంగు బాగుంటుంది.

ఎన్నూరు దగ్గర ఈ ఎరుపు చూసి నాచు పెరిగిందనుకోకండి. బురద నీళ్లలో క్లోరోఫిల్ లెక్క ఎక్కువ చూపించడం మామూలే. ఏ ప్యాలెట్ పెట్టినా అది పోదు.

ఇదే సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత మ్యాపుకైతే లాగ్ అక్కర్లేదు. మేఘం అంచున దొంగ చలి పిక్సెళ్లుంటాయి, అందుకే ఫైల్లో ప్రతి పిక్సెల్‌కీ ఉండే క్వాలిటీ అంకె 0, 1 (నమ్మదగ్గవి) అయినవి మాత్రమే ఉంచి, రేంజ్ 26 నుంచి 31 డిగ్రీలు పెట్టండి. రెండు నెలల మ్యాపులు పక్కపక్కన పెడితే రెండింటికీ అదే రేంజ్ ఉండాలి, లేకపోతే పోలికే కుదరదు.

ఇక జెట్ అనే ఇంద్రధనుస్సు ప్యాలెట్. నాకైతే అస్సలు నచ్చదు. పసుపు పట్టీ దగ్గర లేని గీతని పుట్టిస్తుంది. అలాంటి దొంగ గీత నిజం అంచులా కనిపిస్తే చిక్కే: కాసిమేడు పడవలకి పనికొచ్చే చేపల సూచనల్లో ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారమిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చూసేదే ఈ ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ మారే అంచుల్ని. అనుమానం వస్తే ఒక్కసారి గ్రేలోకి మార్చండి. అక్కడ మాయమైన గీత సముద్రంలోది కాదు, ప్యాలెట్‌ది. విరిడిస్ ప్యాలెట్ గానీ, సీఎంఓషన్ అనే ప్యాలెట్ల సెట్‌లో క్లోరోఫిల్‌కి ఆల్గీ, ఉష్ణోగ్రతకి థర్మల్ గానీ వాడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

ఉష్ణోగ్రతకి సగటుతో తేడా చూపే మ్యాపుకి మాత్రం నీలం-తెలుపు-ఎరుపు పెట్టి, రేంజ్ -2 నుంచి +2 డిగ్రీలు ఇవ్వండి, తెలుపు సరిగ్గా సున్నా మీద ఉంటుంది. -1 నుంచి +3 ఇచ్చారా, తెలుపు +1 మీద కూర్చుంటుంది. ఒక డిగ్రీ వేడెక్కిన నీళ్లు మామూలుగా ఉన్నట్టు కనిపిస్తాయి.