మాల తీశాక వచ్చే కనుమ

శ్రోతలకు నమస్కారం.

పెద్ద పండగ దగ్గరపడింది. చెన్నై నుంచి, హైదరాబాద్ నుంచి మనవాళ్లు ఊళ్లకు వస్తున్నారు. ఆమదాలవలసలో రైలు దిగీ దిగగానే ఫోన్ మోగుతుంది. "ఏరా, వచ్చీసినావా? సాయంత్రం కూర్చుందాం." మందు మానేసి ఆర్నెల్లో ఏడాదో అయినవాడికి ఆ ఫోనుతోనే టెన్షన్ మొదలవుతుంది. ఈ రోజు అతని గురించి, అతని చుట్టూ ఉండే మన గురించి మాట్లాడుకుందాం.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కార్తీకం నుంచి అయ్యప్ప మాల వేసుకునేవాళ్లు ఎంతోమంది. ఏళ్ల తరబడి తాగినవాడు కూడా ఆ 41 రోజులు చుక్క ముట్టడు. భక్తి ఉంది, నిజమే. దానితో పాటు తెల్లవారుజామున చన్నీటి స్నానం ఉంది, వేళకు భిక్ష ఉంది, సాయంత్రం భజన ఉంది, పక్కన తోటి స్వాములున్నారు, దారి తప్పితే అడగడానికి గురుస్వామి ఉన్నాడు. అన్నిటికంటే ముఖ్యం, మాల వేసుకున్న మనిషికి ఊళ్లో ఎవరూ గ్లాసు అందించరు. నిన్నటిదాకా "ఒరే" అన్నవాడు ఇవాళ "స్వామీ" అంటాడు.

చాలామంది పండగలోపే శబరిమల వెళ్లొచ్చి మాల తీసేస్తారు. ఆ వెనకే కనుమ. ఇంట్లో మాంసం ఉడుకుతుంటుంది, తోటలో సీసాలు తెరుస్తారు. "ఇన్నాళ్లు ఆపావు కదా, ఇంక తాగు" అంటూ బావలూ బామ్మర్దులూ చుట్టూ చేరతారు. అంతవరకు కాపాడినవన్నీ ఒక్కసారే దూరమవుతాయి. పైగా, ఇన్నాళ్లు ఆపిన ఒంటికి పాత మోతాదును తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది. అంతే తాగినా ఇప్పుడు త్వరగా, గట్టిగా ఎక్కుతుంది. ఆ స్థితిలో బండి తీస్తే ఏమవుతుందో హైవే పక్క ఊళ్లవాళ్లకు చెప్పక్కర్లేదు.

మాల వేసుకున్నవాడికి ఇచ్చే గౌరవాన్నే, మెడలో మాల లేకుండా మానేసినవాడికీ ఇవ్వండి. నేను అడిగేది ఇదే. "ఒక్క పెగ్గే కదా బావా" అనకండి. అతను ఇన్ని నెలలు ఆపుకున్నది ఆ ఒక్కదాన్నే. సంక్రాంతి నాడు పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు, పోయినాయనకు ఇష్టమని కొన్ని ఇళ్లలో మందు కూడా పెడతారు. తర్వాత అది కొడుకు చేతికి వస్తుంది. వద్దంటే తండ్రినే కాదన్నట్టు అనిపిస్తుంది పాపం. అమ్మలూ, పిన్నులూ, ఈసారి ఆ గ్లాసు పెట్టకండి. అరిసెలు పెట్టండి, కొబ్బరినీళ్లు పెట్టండి.

మానేసిన తమ్ముళ్లూ, తాగాలన్న తహతహ అలా పెరుగుతూనే పోదు. సాధారణంగా పావుగంట, అరగంటలో తగ్గుతుంది. ఆ కాసేపు అక్కడి నుంచి లేచి వెళ్లిపోండి. ఆకలి, నిద్రలేమి, కోపం ఉంటే అది ఇంకా పెరుగుతుంది. కనుమ నాడు మినుము తినాలంటారు కదా, ఆ గారెలేవో పొద్దున్నే కడుపునిండా తినేయండి. పొలం వాటాలు, అప్పుల లెక్కలు పండగయ్యాక చూసుకోవచ్చు. తాగితే టెన్షన్ పోయినట్టే ఉంటుంది గానీ, మత్తు దిగేటప్పుడు నిద్ర చెడుతుంది, గుండె దడ వస్తుంది, టెన్షన్ ముందుకంటే ఎక్కువవుతుంది. ఎవరైనా పిలిస్తే "నేను మానేశాను" అంటే చాలు. కారణాలు చెప్పారా, వాదన మొదలవుతుంది.

రోజూ బాగా తాగేవాళ్లు మాత్రం పండగకనో దీక్షకనో ఉన్నపళంగా ఆపకూడదు. చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజుల్లో మతి తప్పి ప్రాణం మీదకు రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే ఆపాలి. అలాగే తాగుడు మానిపించే మాత్రలు మనిషికి తెలియకుండా కూరలో కలపకండి. తెలియక ఆ పైన తాగితే బీపీ పడిపోయి ప్రాణమే పోవచ్చు.

14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. తాగుడు మానాలనుకునేవాళ్ల కోసం 14446 కూడా ఉంది. ఒకవేళ కనుమ నాడు తాగేస్తే, ముక్కనుమ పొద్దున్నే ఫోన్ చేయండి. ఇంట్లోవాళ్లు ఆ పూట తిట్టకండి, ముందు అన్నం పెట్టండి.